సిస్టర్ గారి జీపు, వెనక యాక్సిల్

1984 వేసవి. సత్తెనపల్లి చుట్టుపక్కల మిర్చి కళ్ళాలు ఎత్తేస్తున్న రోజులు. గుంటూరు రోడ్డులో నా షెడ్డు. రేకుల కప్పు, మూడు పక్కలా తడికెలు, ఏళ్ళ తరబడి గ్రీజు తాగి నల్లబడిన నేల. కప్పు కింద దూలానికి తీగతో వేలాడదీసిన ఒక ఇనప గొట్టం ఉండేది. ఫ్యాన్ బెల్టులన్నీ దాని మీదే వరసగా తగిలించుకునేవాణ్ణి. దాన్ని షెడ్డు అనడం కూడా గొప్పకే గానీ, జీపు చెడితే పల్నాడు పల్లెల్లో ఏ మూల నుంచయినా నా దగ్గరికే తోలుకొచ్చేవాళ్ళు. "కోటేశ్వర్రావు మేస్త్రీ చెయ్యి పడితే బండి మాట వినాల్సిందే" అనేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడేట్టు అన్నవాడికి టీ కూడా ఇప్పించేవాణ్ణి. పొగరు ఉండేదండీ, దాచుకోవడం ఎందుకు.

అప్పట్లో మా ప్రాంతంలో తిరిగే జీపుల్లో సగం డిస్పోజల్ జీపులు. మిలటరీవాళ్ళు వాడుకుని వేలంలో అమ్మేసినవి. పత్తి వ్యాపారులూ పొగాకు బయ్యర్లూ మోతుబరి రైతులూ కొనుక్కుని, పచ్చ రంగు మీద తమకిష్టమైన రంగు కొట్టించుకునేవాళ్ళు. ఆ ఏడు నా షెడ్డుకి మాటిమాటికీ వచ్చిన డిస్పోజల్ జీపు ఒక మిషన్ ఆసుపత్రిది. ఆసుపత్రి అంటే ఎంతో కాదు, చర్చి పక్కన ఆరు మంచాల పెంకుటిల్లు. దాన్ని నడిపే నర్సు సిస్టర్ కరుణమ్మ గారు. యాభై దాటిన మనిషి, తెల్లచీర, చేతికి మగవాళ్ళ వాచీ. మాట మాత్రం తాసీల్దారు మాట. కాన్పుల కోసం ఆ జీపు వేసుకుని వాగు అవతలి పల్లెలన్నీ తిరిగేవారు.

ఆవిడ డ్రైవరు ఇమ్మానియేలు. వాడూ నేనూ ఐదో తరగతి దాకా ఒకే బెంచీ. నేనెంత పెద్ద మేస్త్రీనైనా వాడికి మాత్రం కోటిగాణ్ణే.

ఏప్రిల్లో ఒక పొద్దున ఆ జీపుని ట్రాక్టరు వెనక మోకుతో కట్టి లాక్కొచ్చారు. స్టీరింగు ముందు ఇమ్మానియేలు ఊరేగింపులో పెళ్ళికొడుకల్లే కూర్చుని ఉన్నాడు.

"ఏరా, మళ్ళీనా?" అన్నాను.

"మళ్ళీనే. పోయినసారి ఎడంపక్కది ఏశావు గదా, ఇప్పుడు కుడిపక్కది అలిగింది," అన్నాడు.

విరిగింది వెనక యాక్సిల్ షాఫ్టు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ బండి కింద అడ్డంగా ఒక లావుపాటి ఇనప గొట్టం ఉంటుంది. మొత్తం కలిపి యాక్సిల్ అంటాం. దాని మధ్యలో బొజ్జలాగా ఉబ్బి ఉండేది డిఫరెన్షియల్. ఇంజను నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడుగాటి గొట్టం తిరుగుతూ వచ్చి ఆ బొజ్జలో కలుస్తుంది. అక్కణ్ణుంచి చెరో పక్కకీ ఒక ఉక్కు కడ్డీ వెళ్ళి చక్రాన్ని తిప్పుతుంది. ఆ కడ్డీయే యాక్సిల్ షాఫ్టు. అది రెండు ముక్కలైతే ఇంజను ఎంత అరిచి గీపెట్టినా బండి అంగుళం కదలదు. ఏడాదిలో ఆ జీపుకి అది మూడోసారి విరగడం.

సాయంత్రం సిస్టర్ గారు రిక్షాలో వచ్చారు. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"మేస్త్రీ గారూ, నేను మిమ్మల్ని అనడానికి రాలేదు. ఒక్క మాట అడగడానికొచ్చాను. ఈ బండి వానాకాలం నడుస్తుందా, నడవదా? నడవదంటే ఇప్పుడే చెప్పేయండి," అన్నారు.

"ఎందుకమ్మా అంత మాట?"

"వాగు అవతల సువార్త అని ఒక పిల్ల ఉంది. మిరపకోతలకీ పత్తితీతలకీ పోయే కూలీ పిల్ల. రెండు కాన్పులూ ఇంట్లోనే అయ్యాయి. రెండుసార్లూ కష్టమైంది, రెండుసార్లూ బిడ్డ మిగల్లేదు. నాకు కబురందేసరికి అంతా అయిపోయింది. మళ్ళీ ఇప్పుడు కడుపుతో ఉంది. ఆగస్టులో నెలలు నిండుతాయి. ఈసారి నీ బిడ్డ నా చేతుల్లో ఏడుస్తుందే అని దానికి మాటిచ్చాను."

"ముందుగానే తెచ్చి ఆసుపత్రిలో ఉంచుకుంటే సరిపోతుంది కదమ్మా."

"అడక్కుండా ఉంటానా? మంచంలో ఉన్న మామగారికి ముద్ద పెట్టేది అదొక్కతే. మొగుడు పొద్దున పోతే పొద్దుగూకి వస్తాడు. నొప్పులు రాగానే కబురు పెడతానంది. కబురొచ్చినప్పుడు ఆ పిల్లకీ నాకూ మధ్య ఎనిమిది మైళ్ళ నల్లరేగడి ఉంటుంది. దాని సంగతి మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మా నల్లరేగడి ఎండాకాలంలో పిడికిలి పట్టేంత బీటలిస్తుంది. నాలుగు చినుకులు పడితే జిగురు. చెప్పులతో నడిస్తే కాలికొక ఇటుక కట్టుకున్నట్టే. పోయిన వానాకాలం ఆ దారిలోనే షాఫ్టు విరిగితే, ఒక బాలింతని నులకమంచం మీద నలుగురు మోసుకొచ్చారు. దేవుడి దయవల్ల ఆవిడకేం కాలేదు. ప్రతిసారీ అట్లా ఉండదు కదా.

"నాకు రెండు దారులున్నాయమ్మా," అన్నాను. నిజానికి అప్పటికే నా మనసులో ఒకటే ఉంది.

మొదటిది, పాత యాక్సిల్‌నే ఉంచి, విరిగిన షాఫ్టు బదులు అలాంటిదే ఇంకోటి వెయ్యడం. రెండోది, యాక్సిల్ మొత్తాన్నీ పీకేసి, కొత్తరకం జీపులకొచ్చే బలమైన యాక్సిల్ ఎక్కించడం. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటిది ఒకటి నా కంట్లో పడి ఉంది. దాని షాఫ్టు నా బొటనవేలికి రెండింతలు లావు. ఇక్కడ ఒక తేడా ఉంది. పాత యాక్సిల్లో చక్రం బరువు బయటి గొట్టం మోస్తుంది, లోపలి షాఫ్టు తిప్పడానికి మాత్రమే. దాన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. షాఫ్టు విరిగినా చక్రం దాని చోట అది ఉంటుంది. కొత్తరకంలో మొయ్యడమూ తిప్పడమూ రెండూ షాఫ్టు పనే. అందుకే అంత లావు. కానీ విరిగిందంటే చక్రం కూడా షాఫ్టుతో పాటు బయటికొచ్చేస్తుంది.

సిస్టర్ గారు అంతా విని, "విరిగితే మరి?" అన్నారు.

"విరగదమ్మా. కావాలంటే ఏనుగునెక్కించండి."

"మన పల్లెల్లో ఏనుగులు కనవురా కోటిగా," అన్నాడు ఇమ్మానియేలు జీపులోంచి. సిస్టర్ గారు వాణ్ణి ఒక చూపు చూశారు. నాకు మాత్రం, "మీరే నయమనుకున్నది చేయండి. నాకు ఇనుము సంగతి తెలియదు," అన్నారు.

నాకు తెలుసనే నేను అనుకున్నాను.

పది రోజులు పట్టింది. కొత్త యాక్సిల్ మీద స్ప్రింగులు కూర్చునే పీటలు కోసి మళ్ళీ వెల్డింగ్ చేయించాను. ప్రొపెల్లర్ షాఫ్టు కాస్త కురచ చేయించాను. బ్రేకు గొట్టాలు మార్చాను. మే నెల రేకుల కింద ఆ పని ఎట్లా ఉంటుందో చేసినవాడికే తెలుసు. అయితేనేం, అయిపోయాక బండి కింద పడుకుని చూసుకుంటే కడుపు నిండింది. తారు రోడ్డు మీద నరసరావుపేట దాకా నేనే తోలాను. ఆరుగుర్ని ఎక్కించుకుని వెనక్కొచ్చాను. కిర్రుమనలేదు, కుర్రుమనలేదు. షెడ్డుకి ఎవరొచ్చినా వంగి చూడమని బతిమాలి మరీ చూపించాను.

జూన్‌లో తొలకరి పడింది. రైతులు పత్తి గింజలకి బారులు తీరారు. రెండో రోజు మధ్యాహ్నం ఇమ్మానియేలు నడుచుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, చేతిలో చెప్పులు.

చేతిలో స్పానరు పక్కన పడేసి లేచాను. "విరిగిందా?"

"ఇరగలా," అన్నాడు నింపాదిగా, కుండలో నీళ్ళు ముంచుకుంటూ. "నీ యాక్సిల్‌కేం, నిక్షేపంగా ఉంది. అక్కడే, బురదలో."

"బురదలో దింపేశావా? తోలడం వచ్చా నీకసలు?"

"ఓరి నాయనో! ఐదేళ్ళబట్టీ ఆ దారిన పోతన్నా. నాకు తోలడం నేర్పుతావా? ముందు చక్రాలు ఒక దారిన పోతన్నాయి, ఎనక చక్రాలు ఇంకో దారిన పోతన్నాయి. నువ్వే వొచ్చి చూడు. చూశాక మాట్లాడు."

నాకు ఒళ్ళు మండింది. చేసిన పనిని ఎవరైనా ఏదన్నా అంటే ఇప్పటికీ మండుతుంది, అప్పుడైతే మరీ. సైకిలేసుకుని, అది నడవని చోట భుజానేసుకుని, వాడి వెనకాలే వెళ్ళాను. జీపు చేల మధ్య డొంకలో అడ్డంగా తిరిగి ఉంది. సిస్టర్ గారు పక్క చేలో ఒక రైతు పాకలో కూర్చుని ఎవరికో సూది వేస్తున్నారు. నన్ను చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

వెనక్కి నడిచి, బండి వచ్చిన దారి చూశాను. తడి నేలలో జీపు పోతే చక్రాల కింద రెండు గాళ్ళు పడాలి. ముందు చక్రం బురదని నొక్కి గట్టి చేస్తుంది, వెనక చక్రం సరిగ్గా ఆ నొక్కిన గాట్లోనే పడి సులువుగా వస్తుంది. అక్కడ నాలుగు గాళ్ళున్నాయి. జేబులోంచి టేపు తీసి కొలిచాను. నేనెక్కించిన యాక్సిల్ ముందు చక్రాల యాక్సిల్ కంటే చెరో పక్కా రెండంగుళాలు వెడల్పు. వెనక చక్రాలు సగం గాట్లో, సగం అంచు మీద నడిచాయి. అంచు విరిగినప్పుడల్లా బండి పక్కకి జారింది. తారు రోడ్డు మీద ఈ రెండంగుళాలు ఎవడికి తెలుస్తాయి? నేను బలం కొలిచాను గానీ వెడల్పు కొలవలేదు.

రైతు తన ఎడ్లని కట్టి బండిని బయటికి లాగించాడు. లాగాక జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "మా బండికి రెండే చక్రాలు మేస్త్రీ. అందుకని పేచీ లేదు," అన్నాడు. ఇమ్మానియేలు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నాకూ నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు.

సరే, వెడల్పు యాక్సిల్ పనికిరాదు. పాతది మళ్ళీ ఎక్కించాలి. ఎక్కిస్తే షాఫ్టు మళ్ళీ విరుగుతుంది. ఆగస్టు ఇంకా ఎంతో దూరం లేదు. మర్నాడు జీపుని షెడ్డులో పెట్టుకుని, చక్రాలిప్పి, కింద పడుకుని ఆలోచిస్తున్నాను. బయట వాన అందుకుంది. ఇమ్మానియేలు ఇంటికి పోవాలన్నాడు.

"ఒరేయ్ కోటీ, నా గొడుగు అందుకో. ముందు సీట్ల మధ్యన తగిలించా."

లేచి బండిలోకి చెయ్యిపెట్టాను. గేరు రాడ్డు పక్కన ఒక చిన్న లివరు ఉంది, దాని మెడకి గొడుగు వేలాడుతోంది. లాగితే గొడుగుతో పాటు లివరు కూడా ముందుకు కదిలి టక్కుమంది.

"అదేం చెయ్యదులే," అన్నాడు వాడు. "నేను డ్యూటీలో చేరినకాడ్నుంచీ అంతే. ఎటేసినా ఏం కాదు. గొడుక్కి మాత్రం భలే కుదిరింది."

నా చెయ్యి ఆ లివరు మీదే ఉండిపోయింది. అది ఫోర్‌వీల్ లివరు. దాన్ని వేస్తే ఇంజను బలం వెనక చక్రాలకే కాకుండా ముందు చక్రాలకి కూడా పోతుంది. మిలటరీవాళ్ళు బురదలో, ఇసకలో పోవడానికే ఆ బండిని అట్లా చేయించుకున్నారు. ముందు చక్రాలకి బలం తీసుకుపోవడానికి ముందువైపు ఇంకో ప్రొపెల్లర్ షాఫ్టు ఉండాలి. ఈ జీపుకి లేదు. లేదని నాకు తెలుసు. ఆ బండి కింద ఎన్నిసార్లు పడుకున్నానో, అన్నిసార్లూ ఆ ఖాళీ చోటు నా ముక్కు మీదే ఉంది. ఎందుకు లేదు? నేనే తీసేశాను కాబట్టి.

ఇక్కడ మా ఊరి వాడుక ఒకటి చెప్పాలి. డిస్పోజల్ జీపు కొన్నవాడు మొట్టమొదట చేయించే పని రంగు కాదు, ముందు ప్రొపెల్లర్ పీకించడం. అది లేకపోతే పెట్రోలు కలిసొస్తుంది, చప్పుడు తగ్గుతుంది, స్టీరింగు తేలికవుతుంది. తారు రోడ్డు మీద తిరిగే బయ్యర్లకి అది మంచి సలహానే. ఆ సలహా మా ప్రాంతంలో అందరికంటే ఎక్కువమందికి ఇచ్చింది నేనే. ఆరేళ్ళ కిందట, ఇమ్మానియేలు ఇంకా చేరకముందు, ఈ జీపు ఆసుపత్రికి కొన్నప్పుడు పాత డ్రైవరుకీ అదే చెప్పాను. బండి ఎక్కడ తిరుగుతుందని అడగలేదు. అరగంట పని, అలవాటైన చెయ్యి. ఎన్ని జీపులకి చేశానో లెక్కలేదు కాబట్టి, ముందు ప్రొపెల్లర్ లేని జీపే నా కంటికి మామూలు జీపైపోయింది. నల్లరేగడిలో నాలుగు చక్రాలు లాగాల్సిన బండిని రెండింటి చేత లాగిస్తూ, వాటి షాఫ్టులు విరుగుతుంటే పాపం షాఫ్టుల్ని తిడుతూ కూర్చున్నాను.

మెల్లగా తలెత్తి దూలం వంక చూశాను. ఫ్యాన్ బెల్టులు తగిలించిన ఇనప గొట్టం. రెండు కొసలకీ కీళ్ళు. ఆరేళ్ళుగా రోజుకి పదిసార్లు దాని మీద చెయ్యేస్తున్నాను.

ఇమ్మానియేలు కూడా నా చూపు వెంటే పైకి చూశాడు. వాడికి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక స్టూలు మీద కూలబడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఒరేయ్, మా జీపు కాలు ఇరగ్గొట్టి నీ ఇంట్లో దండెం కట్టుకున్నావు గదరా!"

నవ్వడం వాడికేం, వాడు నవ్వుతాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిస్టర్ గారికి చెప్పకుండా బిగించేస్తే ఎవరికీ తెలియదు కదా అని ఒక క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఇమ్మానియేలు నోరు నాకు తెలుసు. అది ఒక కారణం. ఆ పాకలో నన్ను చూసి ఆవిడ ఏమీ అనకపోవడం రెండో కారణం. సాయంత్రం వాన వెలిశాక ఆసుపత్రికెళ్ళాను. సిస్టర్ గారు వరండాలో దూది చుడుతున్నారు. నిలబడే అంతా చెప్పాను. ఏ చక్రానికి ఏది, ఎవరు తీశారు, ఎందుకు తీశారు, అది ఇప్పుడు ఎక్కడ వేలాడుతోంది.

ఆవిడ దూది చుట్టడం ఆపలేదు. "అయితే నా బండి జబ్బు మీ దగ్గరే అంటుకుందన్నమాట," అన్నారు.

"అవునమ్మా."

"మళ్ళీ పెడితే నడుస్తుందా?"

"నడుస్తుందమ్మా."

"మరి పెట్టెయ్యండి. ఇక్కడ నిలబడతారేం?"

అంతే. ఆ మాటకి నాకు ఎంత తేలికైందో చెప్పలేను. తిట్టినా అంత తేలికయ్యేది కాదు.

పాత యాక్సిల్‌నే మళ్ళీ ఎక్కించాను. వెడల్పు సంగతి అటుంచి, దానికి ఇంకో కారణం కూడా వచ్చింది. నాలుగు చక్రాలూ లాగాలంటే ముందు యాక్సిల్లో గేరు పళ్ళ లెక్కా వెనక యాక్సిల్లో పళ్ళ లెక్కా ఒకటే ఉండాలి, లేకపోతే ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. నేను తెచ్చిన లావుపాటిదానికి ఆ లెక్క వేరు. ముందు ప్రొపెల్లర్ లేదు కాబట్టే ఆ తేడా నాకు పట్టలేదు. కురచ చేసిన వెనక ప్రొపెల్లర్ బదులు ఇంకోటి వెతికాను. ఫ్యాన్ బెల్టులు దింపి, ముందు ప్రొపెల్లర్‌కి తుప్పు గీకి, కీళ్ళకి కొత్త బేరింగులేసి, గ్రీజు పట్టించి దాని చోట దాన్ని బిగించాను. వెనక కుడిపక్కకి కొత్త షాఫ్టు ఆటోనగర్‌లో ఒకటే దొరికింది. ఎడంపక్కది పోయిన ఏడు వేసిందే. పట్టి పట్టి చూశాను. పగులేమీ కనిపించలేదు, అదే ఉంచాను.

ఆగస్టులో ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున ఎనిమిది గంటలకి జీపు నా షెడ్డు ముందు ఆగింది. లోపల సిస్టర్ గారు, కాళ్ళ దగ్గర మందుల పెట్టె.

"కబురొచ్చింది. మీరూ ఎక్కండి మేస్త్రీ గారూ. స్పానర్లు తెచ్చుకోండి," అన్నారు.

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తారు దిగగానే ఇమ్మానియేలు గొడుగు తీసి నా ఒళ్ళో పెట్టి, చిన్న లివరు ముందుకు తోశాడు. ముందు చక్రాలు నేలని పట్టడం నాకు కూర్చున్న చోటికి తెలిసింది. వాగులో నీళ్ళు మోకాలి లోతే. పల్లె చేరేసరికి సువార్త గుమ్మంలోనే దుప్పటి కప్పుకుని సిద్ధంగా ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. మొగుడూ పక్కింటి ముసలమ్మా కలిసి ఎత్తి జీపు వెనక బొంత మీద పడుకోబెట్టారు. మొగుడు తనూ ఎక్కాడు. మామగారికి ముద్ద పెట్టమని ఆ నొప్పుల్లోనే ముసలమ్మకి మూడుసార్లు చెప్పింది.

వచ్చేటప్పుడు సగం దారిలో, జూన్‌లో దిగబడిన చోటికి కాస్త ఇవతల, నా వెనకాల నేలలోంచి వచ్చింది ఆ చప్పుడు. టక్. ఒకటే. జీపులో ఉన్న ఐదుగురికీ అదేమిటో తెలుసు.

"మళ్ళా ఇరిగిందామ్మా?" అంది సువార్త. గొంతులో ఏడుపు కూడా లేదు. ముందే అనుకున్నదే అయినట్టు అంది.

ఎడంపక్కది. నేను పట్టి పట్టి చూసి, బాగుందని ఉంచింది. బండి ఆగుతుందని బిగబట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది.

ఆగలేదు.

కొంచెం బరువెక్కింది, అంతే. ముందు చక్రాలు బురదని నొక్కుకుంటూ లాగుతున్నాయి. వెనక చక్రాలు బలం లేకపోయినా ఊడిపోకుండా, ముందువి వేసిన గాట్లోనే పడి దొర్లుకుంటూ వస్తున్నాయి. ఇమ్మానియేలు గేరు మార్చలేదు, స్టీరింగు అటూ ఇటూ కొట్టలేదు, అరిచే నోరు అసలు తెరవలేదు. వాడి మెడ మీద నరాలు మాత్రం తేలాయి.

"ఏంటండీ అది?" అని సిస్టర్ గారు నన్ను అడిగారు.

"వెనకది పోయిందమ్మా. పోనివ్వండి. ముందువి లాగుతున్నాయి," అన్నాను.

ఆవిడ సువార్త చెయ్యి పట్టుకుని, "విన్నావా? బండి పోతోంది. నువ్వు నీ పని చూసుకో," అన్నారు.

తారు ఎక్కాక ఇమ్మానియేలు ఒక్కసారి ఊపిరి వదిలాడు. ఆసుపత్రి ముందు సువార్తని దించగానే, ఏం చెయ్యాలో తోచక నేను జీపు ఎడం చక్రం దగ్గర చతికిలబడ్డాను. హబ్బు మీద ఆరు బోల్టులిప్పి లాగితే సగం షాఫ్టు చేతికొచ్చింది. విరిగిన చోట పాత పగులు తుప్పు రంగులో సన్నగా కనిపిస్తోంది. చక్రం చెక్కుచెదరలేదు. అదే నేను మే నెలలో గొప్పగా ఎక్కించిన యాక్సిల్ అయి, విరిగింది దాని షాఫ్టు అయితే, చక్రం డొంకలో పడి ఉండేది, సువార్త కూడా ఆ బాలింతలాగే నులకమంచం మీద ఉండేది.

మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. చేతిలో సగం షాఫ్టు, ఒళ్ళంతా బురద, బండి పక్కన అట్లాగే కూర్చుని ఉన్నాను. లోపల్నుంచి ఏడుపు వినిపించింది. పెద్దవాళ్ళది కాదు. సన్నగా మొదలై, గదమాయించినట్టు పెద్దదైంది. ఇమ్మానియేలు టోపీ తీసి కళ్ళు మూసుకున్నాడు. నేను ఏ దేవుడికి దణ్ణం పెట్టానో నాకు గుర్తులేదు, పెట్టడం మాత్రం పెట్టాను. చేతిలో ఇనప ముక్క ఉందని కూడా చూసుకోలేదు.

కాసేపటికి సిస్టర్ గారు చేతులు తుడుచుకుంటూ వరండాలోకొచ్చారు. "ఆడపిల్ల. విన్నారుగా గొంతు?" అన్నారు. తర్వాత నా చేతిలోది చూసి, "ఇంకోటి వేయించండి మేస్త్రీ గారూ. ఈసారి రెండు పక్కలా," అన్నారు. రెండు పక్కలా కొత్తవి వేశాను. నాకు తెలిసినంతవరకూ ఆ జీపుని అమ్మేసే రోజు దాకా మళ్ళీ విరగలేదు.

ఆ లావుపాటి యాక్సిల్‌ని ఒక పొగాకు బయ్యరు జీపుకి ఎక్కించాను. తారు రోడ్డు మీద చాలా ఏళ్ళు బాగా పనిచేసింది. దాని తప్పేమీ లేదు. ఇమ్మానియేలు మాత్రం రిటైరయ్యేదాకా, మా షెడ్డుకొచ్చినప్పుడల్లా దూలం వంక చూసి, "ఎవరి కాలైనా ఏలాడదీశావా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఫ్యాన్ బెల్టులకి వెదురుబొంగు కట్టుకున్నాను.

ఇప్పుడు నాకు చూపు మందగించింది. అయినా బండి తీసుకుని ఎవరొచ్చినా, ఏం విరిగిందని ముందు అడగను. "దీన్లోంచి ఇదివరకు ఏమన్నా తీసేయించారా?" అని అడుగుతాను. నాకు చాదస్తం పట్టిందనుకుని నవ్వుతారు. ఏమీ తీయించలేదంటారు. అది విని నేను బండి కిందికి దూరతాను. తీసేసినవాడు నాలాంటి మేస్త్రీయే అయి ఉంటాడు, తీసిన సంగతి వాడికి గుర్తుండదు.